కీటక లోకంలో ఆతిథ్యం

మన వేదాంత గ్రంథాలలో 'భ్రమరకీట న్యాయం' సుప్రసిద్ధమైనది. తుమ్మెద ఒక పురుగును పట్టి తెచ్చి మట్టిగూటిలో బంధిస్తుంది. బందీ అయిన పురుగు ప్రాణభయంతో అహోరాత్రాలు తుమ్మెదనే తలుస్తూ, తలుస్తూ చివరకు తానే తుమ్మెదగా మారి గూడు వీడి ఎగిరిపోతుంది. దేనిని ఎడతెగక భావిస్తే దాని రూపమే సిద్ధిస్తుందని చెప్పడానికి ఆచార్యులు ఈ న్యాయాన్ని దృష్టాంతంగా చూపారు. భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు ఈ ఉపమానం చెప్పాడు. ఏకాదశ స్కంధంలో అవధూత పేర్కొన్న ఇరవై నలుగురు గురువులలో కడపటి గురువు ఈ కీటకమే.

ఈ న్యాయాన్ని కల్పించినవారు కళ్ళు మూసుకొని కల్పించలేదు. గూటిలోకి వెళ్ళినది రెక్కలు లేని పురుగు, గూటిలోనుండి వచ్చినది రెక్కలున్న కీటకం. వారు చూచిన రెండు దృశ్యాలూ యథార్థాలే. ఆ రెండింటి నడుమ గూటిలో జరిగినది మాత్రం వేరు. గూడు కట్టినది కందిరీగ జాతికి చెందిన కీటకం. అది పురుగును కుట్టి చలనం లేకుండా చేసి, తన గుడ్డు ఉన్న గూటిలో ఉంచి, ద్వారం మూసి వెళ్ళిపోతుంది. గుడ్డు నుండి వెలువడిన పిల్ల ఆ పురుగును తిని పెరిగి, రెక్కలు వచ్చాక బయటికి వస్తుంది. పురుగు తుమ్మెదగా మారలేదు, తుమ్మెద పిల్లకు ఆహారమైంది. చీనా దేశపు ప్రాచీన కావ్యసంకలనంలోనూ ఇటువంటి భావనే ఉండడం విశేషం. కందిరీగ పచ్చపురుగును దత్తత చేసుకొని తన బిడ్డగా మార్చుకుంటుందని అక్కడివారు నమ్మారు. క్రీ.శ. 500 ప్రాంతంలో తావ్ హోంగ్‌జింగ్ అనే వైద్యపండితుడు గూళ్ళను స్వయంగా పరిశీలించి ఆ నమ్మకాన్ని ఖండించాడు. ఆ దేశంలోనే 1096లో లూ ద్యెన్ అనే పండితుడు పట్టుపురుగుపై ఒక ఈగ గుడ్డు పెడుతుందనీ, దాని పిల్ల పురుగులో పెరిగి మట్టిలోకి చేరి మరల ఈగ అవుతుందనీ గ్రంథస్థం చేశాడు. ఐరోపా శాస్త్రజ్ఞులకు ఇటువంటి రహస్యం విశదమైనది పదిహేడవ శతాబ్దం చివరి భాగంలో.

లూ ద్యెన్ చెప్పిన ఈగ టాకినిడ్ అనే కుటుంబానికి చెందినది. చూడడానికి ఇది ఇంటి ఈగను పోలి ఉంటుంది. కొంచెం పెద్దది, ఒళ్ళంతా బిరుసైన ముళ్ళవంటి వెంట్రుకలు. ప్రౌఢ కీటకం పూలలోని మకరందాన్నీ, ఆకులపై కారే తేనెవంటి స్రావాలనూ ఆస్వాదిస్తూ సాధుజీవనం గడుపుతుంది. దాని డింభకానికి మాత్రం మరొక కీటకపు సజీవ దేహమే ఇల్లు, అదే అన్నం. ఈ కుటుంబంలో ఇంతవరకు ఎనిమిది వేలకు పైగా జాతులను శాస్త్రజ్ఞులు వర్ణించారు. వాటిలో అధిక భాగం ఆశ్రయించేది గొంగళిపురుగులనే.

ఇటువంటి జీవులను జీవశాస్త్ర గ్రంథాలు పరాన్నజీవులుగా వ్యవహరిస్తూ ఉంటాయి. నిజానికి పరాన్నజీవి అంటే పరుల అన్నంతో బతికేది. పేను, జలగ, నులిపురుగు మొదలైనవి తమను పోషించే జీవిని పీడిస్తాయే గాని సాధారణంగా చంపవు. చంపితే వాటికే నష్టం. ఈ ఈగపిల్ల పెరుగుదల పూర్తయ్యేసరికి దానికి ఆశ్రయమిచ్చిన పురుగు మరణించడం దాదాపు తప్పదు. ఈ భేదాన్ని గుర్తించి 1913లో రాయిటర్ అనే ఫిన్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు వీటికి 'పారాసిటాయిడ్' అని వేరు పేరు పెట్టాడు. ఆశ్రయమిచ్చే జీవికి తెలుగు శాస్త్రగ్రంథాలు పెట్టిన పేరు 'ఆతిథేయి'. అతిథిని ఆదరించేవారికి చెల్లవలసిన ఈ పదం, పిలవకుండా వచ్చిన అతిథికి తానే భోజనమైపోయే ఈ దీనజీవికి దక్కడంలో ఒక విషాదం లేకపోలేదు.

ఈ కుటుంబంలోని తల్లి ఈగకు ఒక పెద్ద చిక్కు ఉంది. కందిరీగ వంశీయులకు వలె దీనికి సూదివంటి అండనిక్షేపకం సాధారణంగా ఉండదు. చర్మాన్ని గుచ్చి లోపల గుడ్డు పెట్టే సాధనం లేదు, కుట్టి నిశ్చేష్టం చేసే విషం లేదు, మోసుకుపోయి దాచే గూడూ లేదు. పురుగేమో కదులుతూ ఉంటుంది, తల విసురుతూ ఉంటుంది. కొన్ని కాండాల లోపల సొరంగాలలో దాగి ఉంటాయి. ఈ స్థితిలో తన సంతానాన్ని పురుగు దేహంలోకి చేర్చడానికి వివిధ జాతుల ఈగలు భిన్నమైన ఉపాయాలను అవలంబించాయి.

వీటిలో అన్నిటికంటె సూటి అయినది పురుగు ఒంటిమీదనే గుడ్డు పెట్టడం. ఎక్సోరిస్టా వర్గపు ఈగలది ఈ మార్గం. గుడ్డు తెల్లగా, కంటికి కనిపించేంత పరిమాణంలో ఉంటుంది. పైభాగం ఉబ్బెత్తుగా, దళసరిగా, అడుగుభాగం చదునుగా, పలుచగా ఉంటుంది. జిగురుతో అంటుకొనే ఈ గుడ్డును పురుగు రాల్చివేయలేదు. రెండు మూడు దినాలలో లోపలి డింభకం పలుచని అడుగుభాగం నుండే చర్మాన్ని తొలుచుకొని దేహంలోకి చొరబడుతుంది. ఈ ఉపాయంలో ఒక ప్రమాదం ఉన్నది. గొంగళిపురుగు పెరిగే క్రమంలో పలుమార్లు కుబుసం విడుస్తుంది. గుడ్డు పగలకముందే పురుగు కుబుసం విడిచిందా, పాత చర్మంతో పాటు గుడ్డు కూడా నేలపాలవుతుంది. అందువల్లనే ఈ ఈగలు పురుగు చివరి దశలో, ఇక కుబుసం విడువదు అనే కాలంలో గుడ్డు పెట్టడానికి ఎక్కువ మొగ్గు చూపుతాయి. చివరి దశలో పురుగు పెద్దదిగా ఉండడం వల్ల పిల్లకు తిండికీ కొదవ ఉండదు.

కొన్ని జాతులు ఈ కాలవిలంబాన్నే తొలగించుకున్నాయి. తల్లి గర్భంలోనే గుడ్లు పొదగబడి, పెట్టిన మరుక్షణమే పగులుతాయి. కాంప్సిలురా అనే ఈగ మరొక అడుగు ముందుకు వేసింది. దాని ఉదరాగ్రాన వంపు తిరిగిన ముల్లువంటి అవయవం ఉంటుంది. దానితో పురుగు చర్మాన్ని చీల్చి, అప్పటికే గుడ్డు పగిలి సిద్ధంగా ఉన్న పిల్లను లోపల విడిచిపెడుతుంది. ఇంతటి సామర్థ్యం ఈ కుటుంబంలో అరుదు.

పురుగు కంటికి కనబడనప్పుడు ఏం చేయాలి? చెరకు తోటలలో పీక పురుగు మొక్క కాండంలోకి దూరి లోపలినుండి తింటుంది. మన దేశంలో స్టుర్మియాప్సిస్ అనే ఈగ ఈ పురుగును ఆశ్రయిస్తుంది. తల్లి ఈగ సొరంగంలోకి పోలేదు. అయితే పురుగు విసర్జించిన మలం రంధ్రం వద్ద పోగుపడి ఉంటుంది. ఆ వాసనను పట్టుకొని వచ్చి, తల్లి అక్కడనే తన పిల్లలను విడుస్తుంది. కన్ను తెరవని ఆ సూక్ష్మ డింభకాలు సొరంగం వెంట పాకుకుంటూ పోయి పురుగును తామే వెదకుకోవాలి. దొరికినవి బతుకుతాయి, దొరకనివి ఆకలితో నశిస్తాయి.

ఇక అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది పురుగుతోనే గుడ్డును తినిపించడం. సైజెనిస్ వంటి ఈగలు పురుగు జోలికే పోవు. పురుగులు కొరికిన ఆకులను వాసనచేత గుర్తించి, ఆ పరిసరాలలో ధూళికణాల వంటి అతి చిన్న గుడ్లను పెట్టి వెళ్ళిపోతాయి. ఆకుతో పాటు గుడ్డును కూడా పురుగు మింగుతుంది. జీర్ణరసాలు తగలగానే గుడ్డు పగిలి, డింభకం పేగు గోడను చీల్చుకొని దేహంలోకి ప్రవేశిస్తుంది. ఏ ఆకును ఏ పురుగు తింటుందో తల్లికి తెలియదు. ఆ లోటును సంఖ్యాబలంతో పూరించుకొంటుంది. ఒంటిమీద గుడ్డు పెట్టే ఈగ వందల గుడ్లతో సరిపుచ్చుకోగా, ఆకులపై పెట్టే ఈగకు వేల గుడ్లు అవసరమవుతాయి. గుడ్డు చిన్నదైతేనే ఉదరంలో అన్ని ఇముడుతాయి. కొద్దిమంది బిడ్డలకు భద్రమైన ప్రవేశం కల్పించడమా, ఎందరినో కని విధికి విడిచిపెట్టడమా అనే ఈ రెండు మార్గాలలో ఏది మేలైనదో చెప్పడం కష్టం. రెండూ లక్షల సంవత్సరాలుగా సాగుతూనే ఉన్నాయి.

లోపల ప్రవేశించిన డింభకానికి మొదటి సమస్య ఆహారం కాదు, గాలి. పురుగు దేహమంతా రక్తద్రవంతో నిండి ఉంటుంది. అందులో మునిగిన డింభకానికి ఊపిరాడాలి. రెండవ సమస్య పురుగు దేహరక్షణ. అన్యవస్తువు ఏది ప్రవేశించినా రక్తకణాలు దాని చుట్టూ చేరి, గట్టి పొరగా ఏర్పడి, లోపల బంధించి చంపడానికి యత్నిస్తాయి. టాకినిడ్ డింభకం ఈ రెండు సమస్యలకూ ఒకే సమాధానం కనుగొన్నది. తన వెనుకభాగంలోని శ్వాసరంధ్రాలను, తాను ప్రవేశించిన గాయానికో, పురుగు వాయునాళానికో ఆనించి ఉంచుతుంది. చుట్టూ అలముకొన్న రక్తకణాల పొర దానిని మూసివేయడానికి బదులు, దాని వెనుకభాగం చుట్టూ గరాటువలె గట్టిపడుతుంది. ఆ గరాటు గుండా బయటి గాలి డింభకానికి అందుతూ ఉంటుంది. చెరసాలగా కట్టబోయిన గోడ శత్రువుకు గవాక్షమైనదన్న మాట. మొదటి దినాలలో డింభకం రక్తద్రవాన్నీ, కొవ్వు కణజాలాన్నీ మాత్రమే ఆరగిస్తుంది. పురుగు తిరుగుతూ, తింటూ ఉంటుంది. ప్రాణావయవాల వంతు చివరన వస్తుంది.

గొంగళిపురుగులు ఎదురాడకుండా లొంగిపోతాయని అనుకోరాదు. తల విసరడం, కిందికి రాలిపడడం వాటికి స్వభావసిద్ధమైన రక్షణలు. అమెరికాలోని ఆరిజోనా ఎడారి ప్రాంతంలో బొచ్చుపురుగు జాతి ఒకటి ఉంది. ఈగ డింభకాలు తన దేహంలో చేరినప్పుడు ఆ పురుగు, ఆల్కలాయిడ్లనే విషపదార్థాలు గల మొక్కలను సాధారణం కంటె ఎక్కువగా తింటుందనీ, దానివల్ల అది బతికే అవకాశం పెరుగుతుందనీ 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఈగ సోకని పురుగు అదే విషాన్ని అతిగా తింటే దానికే హాని కలుగుతుందనీ వారు చూపారు. రోగం ఉన్నప్పుడే ఔషధం సేవించాలనే వివేకం బొచ్చుపురుగులోనూ ఉన్నదన్న మాట.

పంటలను నాశనం చేసే పురుగులకు ఈ ఈగలే మృత్యువు గనుక మానవుడు వీటిని సహాయకులుగా స్వీకరించాడు. ఐరోపా నుండి కెనడాలోని నోవా స్కోషియాకు చేరిన ఒక జాతి చలికాలపు రెక్కలపురుగు అక్కడి ఓక్ వృక్షాలను మోడులుగా మార్చింది. 1950ల దశకంలో సైజెనిస్ ఈగను ఐరోపా నుండి తెప్పించి విడువగా, తరువాతి దశకానికి ఆ ఉపద్రవం అణగింది. అన్ని ప్రయత్నాలూ ఇలా సుఖాంతం కాలేదు. 1906లో అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో అడవులను తినివేస్తున్న ఒక విదేశీ పురుగుపై కాంప్సిలురాను ప్రయోగించారు. అది సుమారు రెండు వందల జాతుల పురుగులలో బతుకగల ఈగ. విడిచినవారు కోరిన పురుగుతో అది ఆగలేదు. ఉత్తర అమెరికాలోకెల్ల పెద్ద పట్టురెక్కలపురుగైన సిక్రోపియా గొంగళిపురుగులను మాసచూసెట్స్ అడవులలో అది విపరీతంగా సంహరిస్తున్నదని 2000లో ప్రకటితమైన పరిశోధన నిరూపించింది. విడిచిన ఈగను మరల పట్టి తేవడం ఎవరి తరమూ కాదు.

ఈ విషయం దక్షిణ భారత రైతుకు దూరదేశపు వార్త కాదు. పట్టుపురుగును ఆశ్రయించే ఎక్సోరిస్టా ఈగను మన రైతులు ఊజీ ఈగ అంటారు. జపాన్ భాషలో 'ఉజి' అంటే ఈగ డింభకం. ఆ దేశపు పట్టుపరిశ్రమ ద్వారా ఆ మాట మన పల్లెలకు చేరింది. పశ్చిమ బెంగాల్‌లో ఈ ఈగ చిరకాలంగా ఉన్నది. దక్షిణాది రాష్ట్రాలలో మాత్రం 1980 వరకు దాని జాడ లేదు. ఆ సంవత్సరం బెంగాల్ నుండి వచ్చిన విత్తనపు పట్టుగూళ్ళతో పాటు, ఎవరి కంటా పడకుండా, కర్ణాటకలో ప్రవేశించింది. అచిరకాలంలోనే సరిహద్దు దాటి రాయలసీమకూ, తమిళనాడుకూ వ్యాపించింది. హిందూపురం, మదనపల్లె, పలమనేరు ప్రాంతాలలో మల్బరీ సాగుచేసి పురుగులను పెంచే కుటుంబాలకు అప్పటినుండి ఈ ఈగ మాట వినని పంట లేదు.

ఉత్తరాదిన చలికాలం ఈగ సంతతికి అడ్డుకట్ట వేస్తుంది. దక్షిణాదిన రైతు సంవత్సరానికి నాలుగైదు పంటలు తీస్తాడు. ఒక ఇంట పురుగులు గూళ్ళు కట్టే వేళకు పక్కింట పురుగులు తట్టలలో మేస్తూ ఉంటాయి. ఈగకు ఏ మాసంలోనూ ఆతిథ్యానికి లోటు లేదు. పైగా అడవి పురుగు వలె పట్టుపురుగు తప్పించుకోలేదు. వేల ఏళ్ళ పెంపకంలో అది పారిపోయే శక్తినే కోల్పోయింది. వేలాది పురుగులు ఒకేచోట, తెరచిన తట్టలలో, ఆకు మేస్తూ పడి ఉంటాయి. పురుగుల వాసన సోకిన ఈగకు పెంపకపు గది ఒక అన్నసత్రం.

పట్టుపురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి ఐదు దశలు గడుపుతుంది. కుబుసం విడిచే ముందు పురుగు మేత మాని నిశ్చలంగా ఉండే స్థితిని రైతులు 'జ్వరం' అంటారు. నాలుగో జ్వరం లేచిన తరువాత వారం దినాలకు పైగా పురుగు రాత్రింబగళ్ళు మేస్తుంది. ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా స్త్రీలు, నిద్ర మాని ఆకు కోసి మేపేది ఈ దినాలలోనే. ఊజీ ఈగ ఎక్కువగా వాలేదీ ఈ దినాలలోనే. పురుగు ఒంటిపై ఆవగింజ కంటె చిన్న తెల్లని చుక్క కనిపిస్తే అది గుడ్డు. ఆ చోటు నల్లని మచ్చగా మారితే డింభకం లోపల ప్రవేశించినట్లే. నలుపు ఆ గాయానికి గుర్తు.

డింభకం అయిదు నుండి ఏడు దినాలు లోపల పెరుగుతుంది. అయిదో దశ ఆరంభంలోనే గుడ్డు పడితే పురుగు గూడు కట్టకముందే చనిపోతుంది. కొన్ని దినాలు ఆలస్యంగా పడితే జరిగేది మరింత బాధాకరం. పురుగు చంద్రికపైకి ఎక్కి, తన దేహంలో శత్రువు ఉండగానే దారం తీసి గూడు కడుతుంది. చూడడానికి గూడు నిండుగా, అందంగా ఉంటుంది. ఒకటి రెండు దినాలలో ఎదిగిన డింభకం పురుగును వీడి, గూటి గోడకు గుండ్రని రంధ్రం చేసి బయటికి వస్తుంది. అది డింభకదశలోనే వెలుపలికి రావాలి. రెక్కలు వచ్చిన ఈగకు కొరికే దవడలు లేవు, గూటిలో చిక్కితే అక్కడే అంతం. కొన్ని వందల మీటర్ల నిడివిగల ఒకే దారంతో అల్లిన గూటికి ఒక్క రంధ్రం పడిందంటే ఆ దారం పొరపొరకూ తెగినట్లే. అది నూలు వడకడానికి తప్ప పట్టుదారం తీయడానికి పనికిరాదు. నెల దినాల కుటుంబ శ్రమ, ఆకు ఖర్చు, అప్పు తెచ్చిన పెట్టుబడి అన్నీ పూర్తయిన తరువాత, పంట చేతికి అందిన క్షణంలో కలిగే నష్టం ఇది. ధర్మవరపు మగ్గాలపై మెరిసే చీరను కొనేవారికి ఈ రంధ్రం కనిపించదు.

బయటికి వచ్చిన డింభకం వెలుతురును సహించదు. నేల పగుళ్ళలోకి, గోడ మూలలకు, తట్టల కిందికి పోయి, ఎర్రని గోధుమవన్నె గింజవంటి కోశంగా మారుతుంది. పది పన్నెండు దినాలకు ఈగ వెలువడుతుంది. గూళ్ళ అంగడిలో రాశులు పోసిన గూళ్ళనుండి సైతం డింభకాలు రాలి నేలలోకి దూరుతాయి. అక్కడినుండి ఏ ఊరి బండితో ఏ ఊరికి పోతాయో ఎవరు చెప్పగలరు? 1980లో జరిగినది ఇదే.

పొలంలో పురుగు పడితే రైతు మందు చల్లుతాడు. ఇక్కడ ఆ దారి లేదు. ఈగను చంపే మందు పట్టుపురుగునూ చంపుతుంది. రెండూ కీటకాలే. ఈ ఇరకాటంలో మైసూరులోని కేంద్ర పట్టుపరిశోధన శిక్షణ సంస్థ శాస్త్రజ్ఞులు గుడ్డు దశపై దృష్టి నిలిపారు. బెంజాయిక్ ఆమ్లం స్వల్పంగా కలిసిన ద్రావణాన్ని పురుగులపై చల్లితే, పురుగుకు హాని లేకుండా ఒంటిపై ఉన్న గుడ్లు చెడిపోతాయి. గుడ్డు పగిలేలోపు, అనగా రెండు దినాల గడువులో, ఇది జరగాలి. కిటికీలకు, ద్వారాలకు నైలాను వల బిగించడం, గదికి ముందు మరొక చిన్న గది ఉంచి ఒక తలుపు మూసిన తరువాతనే రెండవది తెరవడం, నేల పగుళ్ళు పూడ్చడం, డింభకాలను ఏరి చంపడం మొదలైనవన్నీ కలిస్తేనే ఫలితం. వీటిలో ఏ ఒక్కటీ కష్టమైనది కాదు. అయితే ఊరిలో పది ఇళ్ళవారు వల కట్టి పదకొండవ ఇంటివారు కట్టకపోతే ఈగ ఆ ఇంట పెరిగి అందరి ఇళ్ళకూ వస్తుంది.

శాస్త్రజ్ఞులు ఊజీ ఈగపై మరొక జీవినీ ప్రయోగించారు. నెసోలింక్స్ అనే ఈ కీటకం కందిరీగ కులంలోనిది, చీమ తలంత ఉంటుంది. దానికి పట్టుపురుగుతో పని లేదు. నేల మూలల్లో, మట్టి పగుళ్ళలో ఊజీ ఈగ కోశాలను వెదకి, గట్టి పెంకును సూదితో గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు కోశంలోని ఈగను తిని పెరుగుతాయి. పట్టుపురుగులో అతిథిగా పెరిగిన ఈగ ఇప్పుడు తానే ఆతిథేయి. చిన్న సంచులలో ఈ కీటకాలను రైతులకు పంచుతారు. రైతులు వాటిని పెంపకపు గదిలో వేలాడదీస్తారు. గూళ్ళు విప్పిన తరువాత పెంటదిబ్బ దగ్గర కూడా ఉంచుతారు. కొన్ని దినాలకు ఒక్కొక్క ఈగ కోశానికి గుండుసూది మొనంత రంధ్రం పడి, అందులోనుండి ఈగకు బదులు పదులకొద్దీ నల్లని కీటకాలు ఒకదాని వెంట ఒకటి బయటికి వస్తాయి.